రౌటర్ సరే అంది, ఆవిడను ఎవరూ అడగలేదు

ఈ కేసు రాయడానికి రెండు ఇళ్లవాళ్ల అనుమతీ తీసుకున్నాను. ఊరు, ఉద్యోగాలు, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది, ఎక్కడ నేనేమనుకుని ఏం చేశాను అన్నవి మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పెట్టడం నా పని. పన్నెండేళ్లయింది. పక్కింటి వైఫై వాడుకునేవాళ్లు ఈ పనిలో అప్పుడప్పుడూ తగులుతూనే ఉంటారు. చాలాకాలం చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి. ఈ కేసు తర్వాత అలా ఊరుకోలేకపోతున్నాను.

గోడకి అవతల

ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఫోన్ వచ్చింది. ఉండేది భార్యాభర్తలు, ఇద్దరికీ ముప్ఫై లోపే. అతను సాయంత్రం షిఫ్టులో ఇంటి నుంచే పనిచేస్తాడు, ఆమె ఆన్‌లైన్‌లో ఒక కోర్సు చదువుతోంది. "బెడ్‌రూమ్‌లో సిగ్నల్ సరిగ్గా రావట్లేదన్నా, మీటింగ్ మధ్యలో కట్ అవుతోంది. ఒక రిపీటర్ పెట్టాలి" అన్నాడు.

రిపీటర్ ఎక్కడ పెట్టాలో తేలాలంటే రౌటర్ ఎక్కడుందో తెలియాలి. వెళ్లగానే అదే అడిగాను. అతను హాల్లో గోడ వైపు చెయ్యి చూపించాడు. గోడ మీద ఏమీ లేదు.

"గోడకి అవతల" అన్నాడు.

ఎనిమిది నెలల క్రితం ఆ ఇంట్లోకి దిగిన వారంలోనే ఫోన్‌లో పాస్‌వర్డ్ అడగని నెట్‌వర్క్ ఒకటి కనిపించిందట. కంపెనీ నుంచి వచ్చినప్పటి పేరే, అక్షరాలూ అంకెలూ కలిసిన పేరు. నొక్కితే కలిసింది. సొంత కనెక్షన్ వచ్చేదాకా వాడుకుందాం అనుకున్నాడు. నెట్ ఎలాగూ వస్తోంది కాబట్టి సొంతదానికి అర్జీ పెట్టడం వాయిదా పడుతూ వచ్చింది.

భార్యకు ఈ సంగతి తెలియదు. దిగిన కొత్తలో ఆమె ఫోన్‌లోనూ అతనే కలిపి ఇచ్చాడు. ఒకసారి కలిసిన ఓపెన్ నెట్‌వర్క్‌ను ఫోన్ దాని పేరును బట్టి గుర్తుపెట్టుకుని, దగ్గరకు రాగానే చడీచప్పుడు లేకుండా మళ్లీ కలుపుకుంటుంది. అలా ఎనిమిది నెలలు అది తమదే అనుకుంటూ వాడింది. నేను రౌటర్ ఎక్కడని అడిగాకే ఆమెకూ తెలిసింది. "మనది కాదా?" అంది. అతను నా వైపు చూశాడు గాని ఆమె వైపు చూడలేదు.

ఇద్దరూ వాడింది ఒకే నెట్‌వర్క్ అయినా, ఆ ఇద్దరి వాడకాన్నీ నేను ఒకే గాటన కట్టలేను. తెలియక వాడినవాళ్ల మీద పడే బాధ్యత, తెలిసిన క్షణం నుంచి మొదలవుతుంది. ఆమె ఆ క్షణంలోనే ఫోన్ తీసి వైఫై ఆపేసింది. నాకు బాగా గుర్తున్న విషయాల్లో అదొకటి.

అతను అడిగిన మూడు ప్రశ్నలు

అతను చెడ్డవాడు కాదు. అడిగినవీ తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్నలు కావు.

మొదటిది: "వాళ్లు తాళం వెయ్యలేదంటే వాడుకోమనే కదా?" కొందరి విషయంలో అది నిజమే. సెక్యూరిటీ నిపుణుడిగా ప్రపంచమంతా తెలిసిన బ్రూస్ ష్నైయర్, తన ఇంటి వైఫైని కావాలనే తెరిచి ఉంచుతానని 2008లో రాశారు. అలా తెరిచి ఉంచేవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి ఓపెన్‌గా ఉన్న ప్రతి నెట్‌వర్కూ అజాగ్రత్త వల్లే ఉందని నేను అనను. కానీ ఇతరుల కోసం తెరిచి ఉంచేవాళ్లు సాధారణంగా ఆ సంగతి ఎక్కడో ఒకచోట తెలియజేస్తారు. నెట్‌వర్క్ పేరులోనే ఉంటుంది, లేదా బోర్డు ఉంటుంది, లేదా కలవగానే ఒక పేజీ వస్తుంది. కంపెనీ పేరుతో, తాళం లేకుండా ఉన్న నెట్‌వర్క్ మనకు చెప్పేది ఒక్కటే, దాని సెట్టింగ్ అలా ఉందని. ఆ సెట్టింగ్ వెనక ఎవరి నిర్ణయమైనా ఉందో లేదో అది చెప్పదు.

సాంకేతికంగా జరిగేదేమిటంటే, ఫోన్ "కలవనా?" అని అడుగుతుంది, రౌటర్ "సరే" అని ఒక అడ్రస్ ఇస్తుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. అడిగాం, ఒప్పుకుంది కదా అనుకుంటారు. ఒప్పుకున్నది డబ్బా. దాని యజమాని మనసులో ఏముందో ఆ డబ్బాకు తెలియదు.

రెండోది: "సిగ్నల్ మా ఇంట్లోకే వస్తోందన్నా. నేనేం గోడ దూకి వెళ్లలేదు." పక్కింటి కిటికీలోంచి పడే వెలుతురులో పుస్తకం చదువుకుంటే తప్పు కాదు, నిజమే. రేడియో వినడమూ అలాంటిదే. వాటిలో మనం తీసుకోవడమే ఉంటుంది, అవతలికి ఏమీ పంపం. వైఫై అలా కాదు, ఇద్దరూ మాట్లాడితేనే నడుస్తుంది. మనం తెరిచే ప్రతి పేజీకీ మన దగ్గర్నుంచి ఒక అభ్యర్థన గోడ దాటి వెళ్తుంది, వాళ్ల డబ్బాలోంచి, వాళ్ల లైన్ మీదుగా, వాళ్ల పేరున ఉన్న అకౌంట్ నుంచి బయటికి వెళ్తుంది. బయటి ప్రపంచానికి కనిపించే అడ్రస్ వాళ్లది. అంటే గోడ దూకినట్టే, కాకపోతే కాలితో కాదు.

మూడోది అందరూ అడిగేదే: "అన్‌లిమిటెడ్ ప్లానే అయి ఉంటుంది, వాళ్లకు పోయేదేముంది?" దీనికి కొంచెం ఎక్కువ చోటిస్తాను. నెట్ తెలిసినవాళ్లు కూడా ఇక్కడ తప్పు లెక్క వేస్తారు.

ఒక వైఫై చానల్ మీద ఒక క్షణంలో ఒకరే మాట్లాడగలరు. మిగతా పరికరాలన్నీ తమ వంతు కోసం ఆగాలి. పాత పద్ధతిలో నడిచే రౌటర్లలో ఒక్కొక్కరికీ ఒక్కో ప్యాకెట్, అంటే ఒక్కో డేటా ముక్క, పంపే అవకాశం వస్తుంది గాని, సమానమైన సమయం రాదు. రౌటర్ పక్కనే ఉన్న ఫోన్ సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో ఒక ప్యాకెట్ పంపిందనుకోండి. అంతే డేటాను సిగ్నల్ అందక 1 మెగాబిట్‌కి పడిపోయిన ల్యాప్‌టాప్ పంపాలంటే సుమారు 54 రెట్ల సమయం పడుతుంది. అంతసేపూ దగ్గరున్న ఫోన్ ఆగాల్సిందే. దూరంగా, గోడ చాటున, సిగ్నల్ చాలని మూల గదిలో కూర్చుని వాడేవాడు, తాను పొందేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా మిగతావాళ్ల నుంచి తీసుకుంటాడు. అతనికి నెట్ ఎంత నెమ్మదిగా వస్తుంటే, అవతలివాళ్లకు నష్టం అంత ఎక్కువ. "నాకు వచ్చేదే కొంచెం" అనే మాట ఇక్కడ తలకిందులవుతుంది.

అతని ల్యాప్‌టాప్‌లో చూపించాను. బెడ్‌రూమ్ మూలలో లింక్ స్పీడ్ 1కీ 2 మెగాబిట్లకీ మధ్య ఊగుతోంది. నేను వచ్చిందే దాన్ని బాగుచెయ్యడానికి. పెట్టమన్న రిపీటర్ అదే చానల్ మీద నడిచే రకం. అది ప్రతి ప్యాకెట్‌నూ ఒకసారి విని, మళ్లీ అదే గాలిలో ఇంకోసారి పలుకుతుంది.

అందుకే పెట్టనన్నాను. "మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు" అన్నాడు. పెట్టొచ్చు. కానీ అప్పటిదాకా అతను చేసింది, దొరికింది కదా అని వాడుకోవడం. రిపీటర్ పెడితే అది ఆ ఇంట్లో స్థిరమైన ఏర్పాటు అయిపోతుంది, ఆ ఏర్పాటు నా చేత్తో చేసినదవుతుంది. యజమానికి తెలియకుండా వాళ్ల లైన్‌కు నేను కొత్త కొమ్మ వెయ్యలేను.

నేను చెప్పిన కారణాలు ఎందుకు పనిచెయ్యలేదు

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కణ్ణుంచి నేను తప్పు దారి పట్టాను. అతన్ని ఒప్పించాలనే తొందరలో చట్టం గురించీ ప్రమాదం గురించీ మాట్లాడాను.

చెప్పినవన్నీ నిజాలే. బ్రిటన్‌లో 2005లో ఒక వ్యక్తి అనుమతి లేకుండా ఒక ఇంటి వైఫై వాడినందుకు కోర్టు 500 పౌండ్ల జరిమానా వేసింది. మన ఐటీ చట్టం, 2000లో సెక్షన్ 43 యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి వెళ్లడం గురించే మాట్లాడుతుంది. యజమానికీ చిక్కులున్నాయి. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబైలో ఒకరి తాళం లేని వైఫై మీదుగా వెళ్లిందని తేలింది. ఆయన పోలీసుల విచారణను ఎదుర్కోవాల్సి వచ్చింది. జర్మనీలో 2010లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, వైఫైకి రక్షణ పెట్టుకోని యజమాని ఇతరులు చేసిన కాపీరైట్ ఉల్లంఘనకు కొంతవరకు జవాబుదారీ అంది. 2017లో చట్టం మార్చి ఆ భారాన్ని చాలావరకు తగ్గించారు.

తర్వాత అతనికే ఉన్న ప్రమాదం చెప్పాను. తాళం లేని వైఫైలో గాలిలో పోయే డేటాకు ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవలేకుండా మార్చి పంపే రక్షణ, ఉండదు. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వచ్చి, అలాంటి నెట్‌వర్క్‌లో పక్కనున్నవాళ్ల అకౌంట్లలోకి ఒక్క క్లిక్‌తో వెళ్లొచ్చని అందరికీ చూపించింది. ఇప్పుడు చాలా సైట్లు సొంతంగా ఎన్‌క్రిప్ట్ చేస్తాయి కాబట్టి అంత సులువు కాదు. అయినా ఏ సైట్లకు వెళ్తున్నారో తెలిసే అవకాశం ఉంది. పైగా అతను ఆఫీసు పని చేస్తున్నాడు.

అతను అంతా విని, "సరే, వీపీఎన్ వేసుకుంటాను. ఎవరు పట్టుకుంటారు చెప్పండి?" అన్నాడు. వీపీఎన్ అంటే మన డేటాను దారిలో ఎవరూ చదవకుండా దాచి, వేరే కంప్యూటర్ మీదుగా పంపే ఏర్పాటు.

నా దగ్గర జవాబు లేకపోయింది. భయం చూపించి ఆపాలనుకున్నాను. అతను భయానికి మందు కనిపెట్టాడు. దొరికిపోవడమే సమస్య అయితే, దొరక్కుండా ఉండటమే పరిష్కారం అవుతుంది. నేను చర్చను అక్కడికి తీసుకెళ్లి పెట్టాను. గోడకి అవతల ఉన్న మనిషి గురించి అంతసేపట్లో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మాట్లాడింది అతని భార్య. "అసలు ఆ ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగింది.

"ఒక పెద్దావిడ. ఒక్కరే."

ఎనిమిది నెలలుగా లిఫ్ట్‌లో కనబడితే పలకరించుకుంటున్నారు. ఆ తర్వాత అతను వీపీఎన్ మాట ఎత్తలేదు.

చీటీ

ఇప్పుడు నా ముందున్న ప్రశ్న, ఆవిడకు నేను చెప్పాలా? ఆమె నెట్‌వర్క్ తెరిచి ఉందని నాకు తెలిసింది, ఆమెకు తెలియకపోవచ్చు. చెప్పకపోతే ఆమెకు అన్యాయం. చెబితే, నన్ను ఇంటికి పిలిచి నిజం చెప్పిన మనిషి వెనక వెళ్లి అతని సంగతి బయటపెట్టినట్టు. అలా చేస్తే రేపు ఎవరూ నాకు ఉన్న విషయం చెప్పరు. అందుకని ఒక వారం గడువు పెట్టాను. ఈలోగా ఆమెకు విషయం అందాలి, ఎలా అన్నది అతని ఇష్టం. అందకపోతే అతని పేరెత్తకుండా నేనే వెళ్లి తాళం సంగతి చెబుతాను. ఇది అతని ముఖం మీదే చెప్పాను.

రెండోరోజు అతను ఫోన్ చేసి, "పేరు లేకుండా ఒక చీటీ రాసి తలుపు కింద పెట్టనా?" అన్నాడు. నేను సరేనన్నాను. ఆమెకు కావలసింది సమాచారం, అది అందుతుంది. అతనికి అవమానం తప్పుతుంది. ఎవరికీ నష్టం లేదనిపించింది.

చీటీలో రెండే వాక్యాలు ప్రింటు తీసి పెట్టాడు. "మీ వైఫైకి పాస్‌వర్డ్ లేదు. వెంటనే పెట్టుకోండి."

మర్నాడు అతని నెట్ పోయింది. ఆమె ఎవరి చేతో పాస్‌వర్డ్ పెట్టించుకుని ఉంటుందనుకున్నాం. నెట్ పోయిన నాలుగోరోజు ఉదయం వాచ్‌మన్ వచ్చి వాళ్ల తలుపు తట్టాడు. "పక్క ఫ్లాట్ అమ్మగారు బాగానే ఉన్నారా? వాళ్లమ్మాయి దూరం నుంచి ఫోన్ చేసింది. నాలుగు రోజులుగా వాళ్లమ్మ వీడియోలోకి రావట్లేదట. కంగారుపడుతోంది."

జరిగిందేమిటంటే, ఆ చీటీ చూసి ఆవిడ భయపడిపోయింది. తన వైఫైకి పాస్‌వర్డ్ లేదని ఎవరికో తెలిసింది. ఎలా తెలిసింది? లోపలికి వచ్చి చూశాడా? ఇంకేం చూశాడు? రాసినవాడు ఎవరో తెలియదు, మంచికి రాశాడో బెదిరించడానికి రాశాడో తెలియదు. రౌటర్ ఆపేసి, ప్లగ్ తీసేసి, గోడ నుంచి వచ్చే వైరు కూడా పీకి పక్కన పెట్టింది. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు. మామూలు ఫోన్‌లో మాట అందదు. వీడియోలో కూతురి పెదవులు చూస్తూ మాట పోల్చుకుంటుంది. అంటే నాలుగు రోజులు ఆ తల్లీకూతుళ్లకు మాటల్లేవు.

ఆ చీటీకి సరేనన్నది నేను. సమాచారం ఒక్కటీ చేరితే చాలనుకున్నాను. ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అన్నది తీసేస్తే, ఒంటరిగా ఉండే మనిషికి అది సమాచారంగా కాదు, టెన్షన్‌గా చేరుతుంది. ఈ మాట నాకు ముందే తట్టి ఉండాల్సింది.

రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది

వాచ్‌మన్ వెళ్లగానే అతను నాకు ఫోన్ చేశాడు. వెళ్లి చెప్పేస్తానన్నాడు, ఏమని చెప్పాలన్నాడు. ఇద్దరం మాట్లాడుకుని మూడు విషయాలకు కుదించాం. ఏం చేశాం, ఎప్పటినుంచి చేశాం, ఇప్పుడు ఆపేశాం. చీటీ పెట్టిందీ తామేనని కూడా చెప్పాలి.

అతను ఇంకోటి కలపాలనుకున్నాడు. "నా కనెక్షన్ వచ్చేదాకా వాడుకోవచ్చా అని కూడా అడుగుతాను, నెలవారీ బిల్లులో సగం ఇస్తానంటాను." వద్దన్నాను. క్షమాపణతో పాటే కోరిక కూడా పెడితే అది బేరం అవుతుంది. ఎదుటి మనిషి నొచ్చుకోవడానికి కూడా చోటుండదు, వెంటనే అవుననో కాదనో అనాల్సి వస్తుంది. డబ్బు మాట ముందు తెస్తే, జరిగినదానికి వెల కట్టేసినట్టు ఉంటుంది. ఆ పూటకు చెప్పడం వరకే.

భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. ఆ తర్వాతి సంగతి ఆమే నాకు చెప్పింది. తలుపు దగ్గరే నిలబడి అతను తలవంచుకుని గబగబా చెప్పేశాడట. ఆవిడ చెవి మిషన్ సర్దుకుని, "వినబడలేదు బాబూ, ఇటు చూసి చెప్పు" అన్నారట. అతను తలెత్తి, ఆవిడ ముఖంలోకి చూస్తూ, గొంతు పెంచి, మొదటినుంచీ మళ్లీ చెప్పాడు.

"ఆంటీ, ఎనిమిది నెలలుగా మీ నెట్ మిమ్మల్ని అడక్కుండా వాడుకున్నాను. ఆ చీటీ కూడా నేనే పెట్టాను. తప్పు చేశాను."

ఆవిడ కోప్పడలేదు. లోపలికి వెళ్లి ఒక నోటు పుస్తకం తెచ్చి అతని చేతికిచ్చారు. అందులో పెన్సిల్‌తో తేదీలు, పక్కన టైములు. "6:40 ఆగింది. 6:55 వచ్చింది. 7:10 ఆగింది." పేజీలకు పేజీలు. నెట్ కంపెనీకి ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడెప్పుడు ఆగిందో రాసిపెట్టమనేవారట. అతని షిఫ్టు మొదలయ్యేది సాయంత్రం 6:30కి.

"సాయంత్రమయ్యేసరికి మా అమ్మాయి మొహం అలా నిలిచిపోయేది. మొహం కదలకపోతే నాకు మాట తెలియదు. ఫోన్ పాడైందేమో అని కొత్తది కొన్నాను. నాకే వాడటం రావట్లేదేమో అనుకున్నాను. ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది బాబూ?"

వాడుకున్నందుకు ఆవిడ ఒక్క మాట అనలేదు. చెప్పనందుకు మాత్రం ఆ ప్రశ్న అడిగారు. తప్పు ఎక్కడుందో తెలియక, అన్ని నెలలూ ఆవిడ దాన్ని తనలో వెతుక్కున్నారు.

రౌటర్ ముందు

మర్నాడు ఆవిడే నన్ను పిలిపించుకున్నారు. పక్కన కూర్చోమని, చేసే ప్రతి పనీ ముందు చెప్పి చేశాను. ఇంకొకరి రౌటర్‌లోకి వెళ్లినప్పుడు పనికి అవసరమైనంతే చూడాలని నా నియమం. కలిసి ఉన్న పరికరాల జాబితా చూస్తాను. ఎవరు ఏ సైట్‌కు వెళ్లారన్న రికార్డు ఉన్నా తెరవను. ఇక్కడ ఆ నియమం ఇంకా ముఖ్యం. ఆ రికార్డులో ఆవిడవే కాక, పక్కింటి వాళ్ల ఎనిమిది నెలల వాడకం కూడా ఉండొచ్చు. వాళ్లు చేసిన తప్పు, వాళ్ల బతుకు తొంగిచూడటానికి నాకు హక్కు ఇవ్వదు.

అసలు తాళం ఎలా పోయింది? ఆవిడకు గుర్తుంది. ఏడాది క్రితం నెట్ రాకపోతే, కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్‌లో వెనకున్న చిన్న రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కమన్నారు. నొక్కారు, నెట్ వచ్చింది. ఆ పాత మోడల్‌లో అలా నొక్కితే సెట్టింగులన్నీ చెరిగిపోయి, పాస్‌వర్డ్ లేని స్థితికి వెళ్తుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్ అడగడం మానేసినందుకు, బాగుపడిందనే అనుకున్నారు. "వాళ్లు తాళం వెయ్యలేదంటే వాడుకోమనే కదా" అని అతను అన్న మాటకు అసలు సంగతి ఇది. ఎవరూ ఎవరికీ ఏమీ అనుమతించలేదు. ఒక పిన్ను, పది సెకన్లు, అంతే.

వైఫైకి పాస్‌వర్డ్ రక్షణ ఇచ్చే డబ్ల్యూపీఏ2 అనే పద్ధతి పెట్టాను. 2004 నుంచీ ఉన్నదే, ఆ పాత రౌటర్‌కు అంతకంటే కొత్తది రాదు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 కావాలంటే రౌటర్ మార్చాలి, ఆవిడ అవసరానికి ఇప్పుడే అక్కర్లేదన్నాను. బటన్‌తోనో పిన్ నంబర్‌తోనో కలుపుకునే డబ్ల్యూపీఎస్ ఆపేశాను. ఆ పిన్ పద్ధతిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది. ఎనిమిది అంకెల పిన్ అయినా గరిష్ఠంగా 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుంది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను, రద్దీ తక్కువున్న చానల్‌కు జరిపాను. వైఫై పాస్‌వర్డ్ ఆవిడనే అనుకోమని, అదే నోటు పుస్తకంలో రాసుకోమన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు ఆవిడ టైములు రాస్తూనే ఉన్నారు. దాదాపు రోజూ ఆగేది మొత్తం మీద రెండుసార్లే ఆగింది. ఇదంతా పక్కింటి ల్యాప్‌టాప్ తప్పుకోవడం వల్లేనని మాత్రం అనలేను, చానల్ కూడా అదే రోజు మార్చాను కదా. ఒక్కొక్కటిగా మార్చి చూసి ఉంటే దేని వంతు ఎంతో తేలేది. ఆవిడకు ఇంకో వారం అలా గడపాలని లేదు, నాకూ అనిపించలేదు.

ఆవిడ సరేనన్నా

అంతా అయ్యాక ఆవిడే అన్నారు, "ఆ అబ్బాయికి నెట్ వచ్చేదాకా మనది ఇవ్వరాదూ? పని పోతుందేమో." గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి పెట్టి, స్పీడ్‌కు హద్దు పెట్టి ఇవ్వొచ్చు. అయిదు నిమిషాల పని. యజమాని నోటితో అన్నారు, ఇక అడ్డేముంది అనిపించింది. అయినా కనెక్షన్ కాగితాలు చూపించమన్నాను. చాలా కంపెనీల షరతుల్లో ఉన్నట్టే అందులోనూ ఆ ఇంటి వాడకానికి మాత్రమే అని ఉంది. ఇంకో విషయం కూడా కనబడింది. ప్లాన్ పేరు అన్‌లిమిటెడే, కానీ నెలకు ఒక హద్దు దాటితే స్పీడ్ తగ్గిపోతుంది. నెలాఖరు వారంలో నెట్ మరీ ఈడుస్తుందని ఆవిడ విడిగా చెప్పినదానికి కారణం అదీ అయి ఉండాలి.

ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఇస్తానన్నది మంచితనం. కానీ ఇచ్చేది పూర్తిగా ఆవిడది కాదు, అవతల ఒప్పందం ఉంది, తేడా వస్తే కనెక్షన్ పోయేది ఆవిడకే. అతను వెంటనే వద్దన్నాడు. సొంత కనెక్షన్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, అన్ని రోజులూ ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చాడు. ఒక్క సాయంత్రం మాత్రం సిగ్నల్ అసలు లేకపోతే, వెళ్లి అడిగి, ఆవిడ హాల్లో కూర్చుని రెండు గంటలు పనిచేసుకున్నాడు. ఇంటికొచ్చిన మనిషి ఆ ఇంటి నెట్ వాడుకోవడం వేరు. ఆ రెండు గంటలూ కూతురితో మాట్లాడటం ఆవిడ ముందుగానే ముగించుకున్నారట.

ఇప్పుడు ఎవరు రిపీటర్ కావాలని ఫోన్ చేసినా, బయల్దేరక ముందే రౌటర్ ఎవరిదని అడుగుతున్నాను. పక్కింటిదంటే ముందు వాళ్లు వెళ్లి అడిగి రావాలి, అవసరమైతే తోడు వస్తానంటాను. చట్టం మాట చివర్లో, అడిగితేనే చెబుతున్నాను. పేరు లేని చీటీలకు ఇక సలహా ఇవ్వడం లేదు.

ఒకటి మిగిలిపోయింది. ఆ రోజు రౌటర్ జాబితాలో ఆవిడ ఫోన్, టీవీ కాక మూడో పరికరం ఒకటి ఉంది. పక్కింటి వాళ్లవి అప్పటికే తప్పుకున్నాయి. ఇప్పటి ఫోన్లు నెట్‌వర్క్‌కు ఒక్కో మారుపేరు అడ్రస్ చూపిస్తాయి కాబట్టి, అది ఎవరిదో ఆ అంకెల్లో తెలియదు. తెలుసుకునే దారులు వెతకొచ్చు గాని నేను వెతకలేదు. పాస్‌వర్డ్ పెట్టగానే అది జాబితాలోంచి పోయింది. "ఎవరై ఉంటారు?" అని ఆవిడ అడిగారు. తెలియదన్నాను. తెలియక కలిసినవాళ్లూ అయి ఉండొచ్చని పక్కింటి అమ్మాయి సంగతి గుర్తుచేశాను.

"ఎవరైనా వచ్చి అడిగితే కోప్పడను" అన్నారు. నెల తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నాను. ఇంకా ఎవరూ రాలేదు.